పటం నుంచి తెరకు: సదస్సు ప్రసంగాల్లో తెలుగు స్లైడు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: సదస్సుల్లో పత్రసమర్పణకు స్లైడు తప్పనిసరి సాధనంగా మారింది. అయితే దాని అమరిక ఇంగ్లీషు లిపి కొలతలతో రూపొందినది. తెలంగాణ పటం కథల ప్రదర్శనరీతిని, కంప్యూటర్‌లో తెలుగు లిపి చరిత్రను పక్కపక్కన ఉంచి, చదవగలిగే తెలుగు స్లైడుకు ఉండవలసిన లక్షణాలను ఈ వ్యాసం నిర్ణయిస్తుంది.

కీలకపదాలు: పటం కథ, నకాశీ చిత్రకళ, స్లైడు, యూనికోడ్, వత్తులు, పంక్తి అంతరం.

1. ఉపోద్ఘాతం

బొమ్మను జనం ముందు నిలిపి విషయం చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. చేర్యాల నకాశీలు గీసిన పటాలను ఆధారం చేసుకొని పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కులపురాణాలను, ఇతిహాస కథలను వినిపించారు. ఆధునిక స్లైడు వీటి నుంచి పుట్టలేదు. కాని దూరంగా కూర్చున్నవారికి విషయం స్పష్టంగా అందించడమన్న సమస్య రెండింటికీ ఒకటే.

2. పటం కథ: చూపుకు, మాటకు మధ్య పని విభజన

పటం నిలువుగా సాగే పొడవైన గుడ్డ. అందులో కథాఘట్టాలు అడ్డవరుసలుగా ఉంటాయి. వరుసకూ వరుసకూ మధ్య పూలతీగల అంచు ఉంటుంది. ఎర్రని నేల మీద బొమ్మల రేఖలు తేటగా కనిపిస్తాయి. దేహవర్ణాన్ని బట్టి పాత్రను గుర్తించవచ్చు. కథకుడు కర్రతో ఒక్కో ఘట్టాన్ని చూపుతూ పాడతాడు. కథ అతని నోట ఉంటుంది, పటం దానికి ఆధారంగా నిలుస్తుంది. చెప్పవలసిన మాటలన్నిటినీ పటం మోయదు. ఈ విభజనే దాని స్పష్టతకు మూలం.

3. తెర మీదికి వచ్చిన పాఠ్యం

రాబర్ట్ గాస్కిన్స్, డెన్నిస్ ఆస్టిన్ ఫోర్‌థాట్ సంస్థలో రూపొందించిన పవర్‌పాయింట్ 1987లో మెకింతోష్ కోసం వెలువడింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. శీర్షిక, దాని కింద బిందువులతో మొదలయ్యే పంక్తులు అనే అమరిక క్రమంగా అలవాటుగా స్థిరపడింది. వక్త నోట ఉండవలసిన పాఠ్యం తెర మీదికి చేరింది. సభికులు ఒకే సమయంలో చదవాలి, వినాలి. ఫలితంగా రెండూ సగమే అందుతాయి.

తెలుగుకు అదనపు చిక్కు లిపి నుంచి వచ్చింది. యూనికోడ్ 1991లోనే తెలుగుకు స్థానం కల్పించినా, ముద్రణారంగంలో సొంత సంకేతాల ఫాంట్లు చాలాకాలం కొనసాగాయి. అటువంటి ఫాంటుతో తయారైన స్లైడు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థం లేని గుర్తులుగా మారుతుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లు ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించాయి.

4. లిపి కోరే కొలతలు

యూనికోడ్ అక్షరాన్ని కాపాడింది గాని, తెర మీద దాని స్పష్టతకు హామీ ఇవ్వలేదు. ‘రాష్ట్రం’ అన్న మాటలో షకారానికి ట, ర వత్తులు రెండూ చేరతాయి. ఇంగ్లీషుకు సరిపోయే పంక్తి అంతరంలో పై వరుస వత్తులు కింది వరుస గుడులను, దీర్ఘాలను తాకుతాయి. ద, ధ భేదం అడుగున ఉన్న చిన్న గీతలో, ధ, థ భేదం నడుమనున్న చుక్కలో ఉన్నాయి. సన్నని ఫాంటులో వెనుక వరుసకు ఈ భేదాలు అందవు. ఛందస్సు, శాసనపాఠం, మాండలిక పదరూపం వంటి అంశాలపై పత్రం చదివేటప్పుడు ఆ చిన్న గీతే ఆధారం కావచ్చు. అది కనిపించకపోతే వాదమే నిలవదు.

శీర్షిక విషయంలోనూ ఆలోచన అవసరం. సాంకేతిక ప్రసంగాలను అధ్యయనం చేసిన మైఖేల్ ఆలీ, స్లైడుకు పదబంధానికి బదులు పూర్తి వాక్యాన్ని శీర్షికగా పెట్టాలని, దాని కింద దృశ్యరూప ఆధారం చూపాలని ప్రతిపాదించారు. ‘వత్తులు – పరిశీలన’ అన్న శీర్షిక ఏమీ చెప్పదు. ‘పంక్తి అంతరం తగ్గితే వత్తులు చెదురుతాయి’ అన్నది క్రియతో ముగిసి నిర్ణయాన్ని తెలుపుతుంది.

5. ముగింపు

బీర్కూర్, బాన్సువాడ వంటి ప్రాంతాల నుంచి వచ్చే పరిశోధకుడికి సదస్సులో లభించే వ్యవధి స్వల్పం. ఏళ్ల శ్రమ ఆ కొద్ది నిమిషాల్లోనే సభకు చేరాలి. ఒక స్లైడుకు ఒకే నిర్ణయం, దానికి ఒకే ఆధారం, దిట్టమైన యూనికోడ్ ఫాంటు, వత్తులకు చాలినంత అంతరం, మిగిలినది వక్త నోట – ఇవి కనీస నియమాలు. సభకు ముందు చివరి వరుసలో నిలబడి తెరను చదివి చూడడం వీటికి పరీక్ష. ఏది చూపాలో, ఏది చెప్పాలో పటం కథకుడు ఎరిగి ఉన్నాడు. తెలుగు పరిశోధన తెర మీద తిరిగి నేర్వవలసినది ఆ విచక్షణనే.