రెండవ నెల పస్కా : కోనసీమ సంఘములలో సభల యేర్పాట్లు

శతవత్సరోత్సవ సమయమున మన పెద్దలు కట్టిన ఆలయములను, పాఠశాలలను జ్ఞాపకము చేసికొనుట వాడుక. వారు మనకు విడిచిన మరియొక విద్యను గూర్చి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నది పొంగినను, గాలివాన వచ్చినను దేవుని ప్రజల కూడిక చెదరిపోకుండ ముందుగానే రెండవ దారి చూచుకొనుటయే ఆ విద్య.

“ప్రకటించిన తేదీని మార్చుట అవిశ్వాసము కాదా?” అని మన సంఘములలో భక్తిగలవారే కొందరు అడుగుచుందురు. దీనికి సంఖ్యాకాండము తొమ్మిదవ అధ్యాయమే జవాబు చెప్పుచున్నది. మొదటి నెల పదునాలుగవ దినమున పస్కా ఆచరింపవలెనని ఆజ్ఞ. శవమును ముట్టినందున అపవిత్రులైన కొందరు మోషే యొద్దకు వచ్చి, మేమెందుకు వెలియై యుండవలెనని మొరపెట్టుకొనిరి. మోషే తన సొంత తీర్పు చెప్పక యెహోవా సెలవు కొరకు కనిపెట్టెను. అట్టివారును, దూర ప్రయాణములో నున్నవారును రెండవ నెల పదునాలుగవ దినమున ఆచరింపవచ్చునని సెలవాయెను. గొఱ్ఱెపిల్ల మారలేదు, పొంగని రొట్టె మారలేదు, చేదు కూరలు మారలేదు. తేదీ మాత్రము మారెను. అయితే ఏ ఆటంకమును లేకయే మానుకొన్నవానికి శిక్ష గలదు. కనుక రెండవ తేదీ సోమరితనమునకు కాదు, అవసరమునకే. తరువాత హిజ్కియా రాజు దినములలో చాలినంతమంది యాజకులు తమ్మును ప్రతిష్ఠించుకొననందునను, ప్రజలు యెరూషలేమునకు కూడి రానందునను, రెండవ నెలలోనే పస్కా జరిగెను.

ఈ పాఠము మన సీమకు ఎంత తగినదో చూడుడి. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వశిష్ఠలుగా చీలుచున్నది. వశిష్ఠ నుండి వైనతేయ విడిపోవుచున్నది. ఒక ప్రక్క సముద్రము, మిగిలిన ప్రక్కల నదులు. 1836లో గ్రోవ్స్ గారితో ఓడలో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలు నరసాపురము కేంద్రముగా ఈ డెల్టాలో పని ఆరంభించిన నాటికి ఆనకట్ట లేదు, కాలువలు లేవు, వంతెనలు లేవు. పడవ దొరికినప్పుడే ప్రయాణము. కాకినాడ నుండి కోటిపల్లి వరకు వేసిన రైలు మార్గమును కూడ రెండవ ప్రపంచ యుద్ధకాలమున 1940లో తొలగించిరి. అది తిరిగి నడచినది 2004లోనే. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో గాని రాలేదు. అంతవరకు ఆ వైపు నుండి సభలకు వచ్చువారు రేవు దాటియే రావలెను.

మనుష్యుల విషయములోను రెండవ యేర్పాటు కావలెను. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. నడుమ 1848లో కాటన్ దొరగారి ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియా వెళ్ళవలసి వచ్చెను. అప్పుడు కెప్టెన్ ఓర్ పనిని నడిపించెను. ఒక్కనితోనే నిలిచిన పని అయినయెడల మన పొలములకు ఆ నీరు ఎప్పుడు వచ్చెడిదో!

నీటి సంగతి, గాలి సంగతి మరువరాదు. 1953లోను, 1986 ఆగస్టులోను వచ్చిన వరదలు పెద్దలకు తెలిసినవే. 1986లో ధవళేశ్వరము వద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. జూలై నుండి సెప్టెంబరు వరకు వరద భయము. అక్టోబరు, నవంబరులలో తుపాను భయము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ తరువాత కాసా సంస్థ తీరగ్రామములలో తుపాను రక్షణ భవనములు కట్టించెను. అట్టి భవనము మామూలు దినములలో బడిగా, కూటములకు మందిరముగా ఉపయోగపడును. ఆపద దినమున ఆశ్రయమగును. 1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమ మీదనే తుపాను విరుచుకుపడి, వేయిమందికి పైగా ప్రాణములు తీసి, కొబ్బరి తోటలను నేలమట్టము చేసెను. 2020లో వరదయు గాలియు లేకయే ఆలయములు మూతపడెను. ఆ యేటి ఏప్రిల్ 12న ఈస్టరు పండుగను ప్రతి కుటుంబము ఇంటిలోనే ఆచరించినది. స్థలము మారెను గాని పునరుత్థాన సువార్త మారలేదు.

అయితే తేదీ మార్చుట ఖర్చులేని పని కాదు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టును నమ్ముకొన్న దింపు కార్మికుడు, వలుపు కార్మికుడు సభకై ఒక దినపు కూలి వదలుకొని వచ్చును. తెల్లవారి వచ్చి సభ లేదని వినినయెడల ఆ నష్టము ఎవరు తీర్చుదురు? కనుక రెండవ యేర్పాటును ఆపద వచ్చిన నాడు కాక, మొదటి యేర్పాటుతో కలిపియే నిర్ణయించవలెను.

పాస్టరేటు కమిటీలు ఈ సంగతులు ముందుగానే వ్రాసికొనుట మంచిది. కరపత్రములోనే రెండవ తేదీని అచ్చువేయవలెను. పందిరి పడిపోయినచో కూడుకొనుటకు పక్కా కప్పుగల స్థలమును మాట్లాడి యుంచవలెను. ప్రసంగీకుడు రాలేనియెడల వాక్యము చెప్పువారిని ముందే అడుగవలెను. వంటవారికి, మైకు వారికి బయానా ఇచ్చునప్పుడే రెండవ తేదీ మాట కూడ చెప్పవలెను. నిర్ణయము ఎవరు, ఏ గంటకు, ఏ గుర్తును బట్టి చేయుదురో తెలిసియుండవలెను. ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇచ్చెదరు. రెండవ హెచ్చరిక వరకు వేచియుండక, మొదటి హెచ్చరికతోనే లంక గ్రామముల విశ్వాసులకు కబురు చేరవలెను. వారు పడవ ఎక్కిన తరువాత చెప్పిన కబురు కబురు కాదు.

పౌలు బితూనియకు పోవ ప్రయత్నించగా ఆత్మ వెళ్ళనియ్యలేదు. మాసిదోనియ తలుపు తెరువబడెను. ఆయన తన ప్రయత్నమును విడువలేదు, దానిని పట్టుకొని వ్రేలాడను లేదు. మన యేర్పాట్లు దేవుని చిత్తమునకు లోబడినవని ఒప్పుకొనుటయే రెండవ తేదీని వ్రాసికొనుటలోని భక్తి. ముసలివారు, పసిపిల్లలు, లంకవాసులు క్షేమముగా వచ్చి క్షేమముగా ఇల్లు చేరిన సభయే ప్రభువునకు మహిమ. రాబోవు నూరేండ్లలోను మన సంఘములు ఈ జ్ఞానములో వర్ధిల్లును గాక. ఆమేన్.