లేమి నుండి కొవ్వు దాకా: స్పైరులినా పరిశోధన చరిత్ర, బొగ్గుబాయి శ్రమ

స్పైరులినా అనే నీలి ఆకుపచ్చ శైవలం మన దేశ పరిశోధనల్లోకి లేమికి విరుగుడుగా ప్రవేశించింది. కొలెస్టరాల్‌ను తగ్గించే పదార్థంగా దానికి పేరు వచ్చింది తరువాతే. (జీవశాస్త్రం దీనిని బ్యాక్టీరియా వర్గంలో చేర్చినా వాడుకలో ఇది శైవలమే.) ఈ మార్పును మందమర్రి వంటి సింగరేణి పట్టణాల్లో శ్రమ మారిన తీరుతో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆఫ్రికాలోని చాద్ సరస్సు ఒడ్డున కనెంబు ప్రజలు ఈ శైవలాన్ని ఎండబెట్టి బిళ్లలుగా చేసి తినేవారు. మెక్సికోలో అజ్టెక్‌లూ అంతే. 1960లలో బెల్జియం వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లెయొనార్ దీనిపై శాస్త్రలోకం దృష్టి మళ్లించాడు. ఎండిన శైవలంలో సుమారు 60 శాతం మాంసకృత్తులే కావడం అప్పటి ఆకర్షణ. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో ఎల్.వి. వెంకటరామన్ బృందం దీని పెంపకంపై పనిచేసింది. 1991లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుండి అన్నపూర్ణ, దేవస్థలే, మహతాబ్ బాంజీ దీనిని విటమిన్ ఎ వనరుగా పరీక్షించారు. అంటే ఆనాటి హైదరాబాదు ప్రశ్న పసిపిల్లల కంటిచూపుకు సంబంధించినది.

కొలెస్టరాల్ ప్రశ్న అప్పటికే మరోచోట మొదలైంది. 1983లో మైసూరు పరిశోధకులే ఎలుకలపై ఆ ప్రభావాన్ని నమోదు చేశారు. 1988లో జపానులో నకాయా బృందం 30 మంది పురుషులకు రోజుకు 4.2 గ్రాములు ఇచ్చింది. మొత్తం కొలెస్టరాల్ సుమారు 4.5 శాతం తగ్గింది. వాడకం మానినవారిలో తిరిగి పూర్వస్థితికి చేరింది. 2001లో బరోడాలో 25 మంది మధుమేహ రోగులపై జరిగిన అధ్యయనంలోనూ రక్తపు కొవ్వులు తగ్గాయి. ఇందులోని ఫైకోసయనిన్ అనే నీలి మాంసకృత్తి పైత్యరస ఆమ్లాలను పట్టి బయటికి పంపుతుందని 2005 నాటి ఎలుకల ప్రయోగం సూచించింది. 7 ప్రయోగాలను కలిపి లెక్కించిన 2016 విశ్లేషణ మాత్రం డెసిలీటరుకు సుమారు 47 మిల్లీగ్రాముల సగటు తగ్గుదల చూపింది. జపాను ఫలితం అందులో నాలుగో వంతు కూడా లేదు. ఇంత అంతరం ఉన్నప్పుడు, చిన్న చిన్న ప్రయోగాల నుండి పుట్టిన ఆ సగటును నమ్మడానికి నేను తొందరపడను.

ఇక బొగ్గుబాయి. తట్టా చెమ్మసుతో టబ్బుల్లో బొగ్గు నింపిన కార్మికుని స్థానాన్ని క్రమంగా ఎస్‌డీఎల్ వంటి యంత్రాలు, ఓపెన్‌కాస్టులు ఆక్రమించాయి. 1990లో భారత వైద్య పరిశోధన మండలి ప్రచురించిన ప్రమాణాల ప్రకారం కఠిన శ్రమ చేసే పురుషునికి రోజుకు 3800 కిలోకేలరీలు, కూర్చుని పనిచేసేవానికి 2425 కిలోకేలరీలు అవసరం. శ్రమ మారి పళ్లెం మారకపోతే మిగిలేది రోజుకు 1375 కిలోకేలరీలు. యంత్రం నడిపే ప్రతివాడూ కూర్చుని పనిచేసేవాడు కాడు గనుక ఇది గరిష్ఠ అంచనా మాత్రమే. అయినా పైన చెప్పిన ప్రయోగాలేవీ గని కార్మికులను ఎంచుకొని చేసినవి కావు. మందమర్రిలో స్పైరులినా మాత్రను సిఫారసు చేసే ముందు అడగవలసిన ప్రశ్న ఆ 1375 గురించే.