బాకీలో పుట్టిన తుపాకి

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలపు బాట పట్టినవారికి మొదట బార్కస్సును, పిదప బాబా షర్ఫుద్దీను దర్గా వెలసిన పహాడీ షరీఫు గుట్టయు కనబడును. బార్కస్ అనునది బ్యారక్సు అను మాట జనుల నోట నలిగి యేర్పడిన రూపము. నిజాము కొలువున అరబ్బు సైనికులు కాపురమున్న తావది. నేడక్కడి పెండ్లిండ్లలో మ్రోగు మర్ఫా ఆ కొలువునకు మిగిలిన గురుతు. ఆ అరబ్బుల తుపాకులకు పగ్గము వేయబూనిన రాజనీతిజ్ఞుడెవ్వడని వెదకినచో, 1853లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున దివానుగిరి స్వీకరించిన మొదటి సాలారుజంగు కడకు పోవలసి యుండును.

అరేబియా దక్షిణ తీరపు హద్రమౌతు నుండి వచ్చిన ఈ అరబ్బులు కేవలము కిరాయి భటులే యైనచో వారిని అదుపు చేయుట అంత కష్టము కాకపోవును. కాని వట్టిపోయిన ఖజానాకు అప్పులిచ్చినవారు వారి దళనాయకులైన జమాదార్లే. ఆ యప్పునకై తాలూకాల రాబడిని తాకట్టు పట్టినవారును వారే. బాకీదారుని న్యాయస్థానపు గడప తొక్కనీయక, తమ కావలిలోనే నిర్బంధించి సొమ్ము రాబట్టుకొనువారును వారే. ఉమర్ బిన్ అవధ్ అను జమాదారు ఇచ్చట గడించిన ధనమే అండగా ఆతని వంశమువారు హద్రమౌతులో కుఐతీ రాజ్యమును నెలకొల్పిరనిన, ఆ వడ్డీ బలమెంతటిదో ఊహింపవచ్చును.

సాలారుజంగు తుపాకులు లాగికొనుటతో మొదలిడలేదు. మొదలిడినను చెల్లెడిది కాదు. బాకీల లెక్క తేల్చి, కొంతకొంతగా తీర్చి, తాకట్టు తాలూకాలను విడిపించి, వసూలును జీతగాండ్రైన తాలూక్‌దారుల చేతికిచ్చెను. అరబ్బుల వ్యాజ్యములకు ప్రత్యేక న్యాయస్థానమును నెలకొల్పెను. 1865లో జిలాబందీ, అనగా రాజ్యమును జిల్లాలుగా విభజించుట, చేసి ఆ జిల్లాలకు పోలీసు నేర్పరచెను. హైదరాబాదులో శాసననిర్మాణ సభ 1893లో గాని రాలేదు. కావున ఈయన శాసనములన్నియు దివాను హుకుములే.

1857 జులై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీనుల నాయకత్వమున రొహిల్లాలు హైదరాబాదులోని బ్రిటిషు రెసిడెన్సీపై బడినపుడు దివాను ఆంగ్లేయుల పక్షముననే నిలిచెను. దానిని మెచ్చనివారు నేటికిని కలరు, నేనును పూర్తిగా మెచ్చను. 1859లో రెసిడెంటు డేవిడ్‌సనుతో కలిసి దర్బారు నుండి వెలువడుచున్న ఆయనపై ఒకడు తుపాకి కాల్చెను. 1868లో మరల కాల్పులు జరిగెను. రెండుమార్లును ఆయన బ్రతికి బయటపడెను.

బ్రిటిషు ఇండియాలో లిట్టను ప్రభువు నాటి 1878 ఆయుధశాసనము తుపాకి యెవనిచేత నుండవలెనో లైసెన్సు కాగితముతో తేల్చెను. దాని స్థానమున స్వతంత్ర భారతము 1959లో క్రొత్త శాసనము చేసినది. 1983 సవరణ మనిషికి మూడు తుపాకులను, 2019 సవరణ రెండింటిని మితిగా విధించినవి. ఇవన్నియు తుపాకులను లెక్కించిన శాసనములు. సాలారుజంగు బాకీని లెక్కించెను. నా దృష్టిలో ఆయన చూపే నిశితమైనది.

అయినను ఆ పని సగముననే నిలిచినది. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన మరణించునాటికి అరబ్బు దళములు నిజాము జీతపు పట్టీలలోనే యుండెను. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత గాని అవి రద్దు కాలేదు.