మెమరీ ఫుల్: కొల్లేటి సీమలో పాతికేళ్లు

కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బాబాయ్ మొన్న వేసవిలో తెల్లారకుండానే ఫోన్ చేశాడు. "ఒరే, శీలావతి మొప్పలు పాలిపోయి పైకి తేలతన్నాయిరా. ఫోటో తీసి డాక్టరు గారికి పెడదామంటే స్పేస్ లేదంటంది!" ఆయనది 64 జీబీ ఫోన్. చేప గాలికోసం పైకొచ్చే ఆ వేళలో గంట ఆలస్యమైనా నష్టం లక్షల్లోనే. ఈ 'మెమరీ ఫుల్' మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో వెనక్కి తిరిగి చూడాలని నాకు ఆ ఉదయమే అనిపించింది.

మన దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న మోగింది. ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లలో మామూలు మనుషుల జేబుల్లోకి ఫోన్ రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2003లో వచ్చిన నోకియా 1100 లాంటి ఫోన్ల కాలంలో నిండేది మెసేజ్‌ల పెట్టె. సిమ్‌లో పదో ఇరవయ్యో పట్టేవి. అవి నిండగానే తెరమీద కవరు బొమ్మ మిణుకుమిణుకుమంటూ ఉండేది. పాతది ఒకటి తీసేస్తేగాని కొత్తది లోపలికి వచ్చేది కాదు. మా ఇంట్లో అక్క పెళ్లి కుదిరిందని వచ్చిన మెసేజ్‌ను అమ్మ డైరీలో రాసుకుని, ఆ తర్వాతే తీసేసింది. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ఆ చిన్న పెట్టె మనచేత రోజూ ఆలోచింపజేసేది.

తర్వాత గోరంత మెమరీ కార్డు వచ్చింది. సెల్‌షాపులో కార్డు ఇచ్చి టీ తాగి వచ్చేలోపు రెండు జీబీల పాటలు ఎక్కించి చేతిలో పెట్టేవారు. నకిలీ కార్డులూ అప్పుడే దిగాయి. పైన 32 అని రాసి ఉన్నా లోపల నాలుగే ఉండేవి. ఆ నాలుగూ నిండాక పెట్టిన పెళ్లి ఫోటోలు బూడిదరంగు గళ్లుగా మిగిలిపోయేవి. చాలా కుటుంబాలు అలా పోగొట్టుకున్న ఫోటోలు మళ్లీ దొరకలేదు.

2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌లో లోపలి చోటు 256 ఎంబీ మాత్రమే. కార్డు ఖాళీగా ఉన్నా 'స్పేస్ లేదు' అని ఎందుకంటోందో జనానికి అంతుపట్టేది కాదు. యాప్ కూర్చునేది కార్డులో కాదు, ఫోన్ లోపల. 2015లో ఆండ్రాయిడ్ 6 కార్డును లోపలి చోటుగా కలుపుకోనిచ్చింది. అలా కలిపిన కార్డు మరో ఫోన్‌లో తెరుచుకోదని తెలియక పీకేసినవాళ్లు మళ్లీ ఇబ్బంది పడ్డారు.

అసలు వరద 2016 సెప్టెంబరు 5న జియోతో మొదలైంది. చేపల కాటా చీటీలు, హౌరా వెళ్లే లారీల నంబర్లు, తాడేపల్లిగూడెం ఉల్లి ధరలు, దేవుడి బొమ్మల శుభోదయాలు అన్నీ వాట్సాప్‌లోకే వచ్చిపడ్డాయి. మన దేశంలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరి ఫోన్ రోజూ నిండిపోతోందని, అమెరికాలో అది పదిమందిలో ఒకరికేనని 2018 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. కారణాలు వెదికిన గూగుల్‌కు కనిపించింది మన గుడ్‌మార్నింగ్ బొమ్మల రాశే. ఆ సంస్థ అంతకు నెల ముందే ఫైల్స్ గో యాప్ తెచ్చింది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్‌లో ఉచితంగా ఎంతైనా దాచుకునే వీలూ పోయింది. జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి 15 జీబీ, అంతే.

కొల్లేటి మనిషికి ఇలా నిండిపోవడం కొత్త సంగతి కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ సముద్రానికి పోవలసిన దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ దారి పూడి, కొల్లేరు సరస్సు గర్భం చేపల చెరువుల గట్లతో నిండితే నీరు ఊళ్లమీదికి ఎక్కుతుంది. 2006లో ప్రభుత్వం ఆ గట్లు కొట్టించిన కారణాల్లో ఇదీ ఒకటి. ఫోన్‌లోనూ అంతే, 64ను 128 చేసినంత మాత్రాన తీరేది కాదని నేను గట్టిగా చెప్పగలను. వచ్చేదాన్ని తగ్గించి, పోయే దారి తెరవాలి.

ఆ ఉదయం కేమెరా ఫోల్డర్ జోలికి పోవద్దని బాబాయ్‌కి ముందే చెప్పాను. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిపిస్తే సగానికి సగం వాట్సాప్‌దే. వాట్సాప్‌లోనే 'మేనేజ్ స్టోరేజ్'కి వెళ్లి, ఐదు ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి తీసేశాడు. నాలుగు నిమిషాల్లో మొప్పల ఫోటో డాక్టరు గారికి చేరింది. సాయంత్రం నేను వెళ్లి ఆటో డౌన్‌లోడ్ ఆపాను, గ్యాలరీ ట్రాష్ ఖాళీ చేశాను, మిగతా యాప్‌ల క్యాష్ తుడిచాను. దాని పక్కనే ఉండే 'క్లియర్ డేటా' మాత్రం తాకనివ్వలేదు. బ్యాకప్ లేకుండా వాట్సాప్‌మీద అది నొక్కితే మాటలన్నీ పోతాయి. గూగుల్ ఫోటోస్‌లో డిలీట్ కొడితే దాచుకున్న కాపీ కూడా పోతుంది. 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కితే, బ్యాకప్ అయినవాటి ఫోన్ కాపీ మాత్రమే పోతుంది.

వెదుకుతుంటే ఆ కుప్పలో తాతయ్య గొంతు దొరికింది. "గట్టు జాగ్రత్తరా, వానొచ్చేలా ఉంది" అని పన్నెండు సెకన్లు. ఆయన పోయి మూడేళ్లు. బాబాయ్ దాన్ని రెండుసార్లు విని, ఏమీ మాట్లాడకుండా పెన్‌డ్రైవ్ నా చేతికిచ్చాడు.

మీ ఫోన్‌లోనూ అలాంటి గొంతు ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ముందు దాన్ని మరోచోట కాపీ చేసుకోండి. డిలీట్ సంగతి ఆ తర్వాత.