నమోదు నుంచి సలహా వరకు: జహీరాబాద్ నేపథ్యంలో విద్యార్థుల ఉద్యోగ మార్గదర్శక వ్యవస్థల చరిత్ర

వ్యాస సంగ్రహం: చదువుకున్న యువతకు ఉద్యోగమార్గం చూపేందుకు హైదరాబాదు సంస్థాన కాలం నుంచి ఏర్పడిన వ్యవస్థల పరిణామాన్ని జహీరాబాద్ ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విద్యార్థి పేరు నమోదు చేయడంలో ఆ వ్యవస్థలు చూపిన శ్రద్ధ, అతని భాష, ప్రాంతం, కుటుంబ నేపథ్యాలకు తగిన సలహాను సకాలంలో అందించడంలో కనిపించలేదని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జహీరాబాద్, ముల్కీ నిబంధనలు, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్, స్థానికత, ఉద్యోగ మార్గదర్శకత్వం.

1. ఉపోద్ఘాతం

నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జహీరాబాద్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాకు చెందినది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బీదరు మైసూరు రాష్ట్రానికి వెళ్లగా, జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో చేరింది. అంతవరకు జిల్లా కేంద్రంగా ఉన్న బీదరు సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే పొరుగు రాష్ట్రపు పట్టణమైంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలు కలిసి వినిపించే ఈ ప్రాంతంలో ఏ బడిలో, ఏ మాధ్యమంలో, సరిహద్దుకు ఏ వైపున చదివారన్నది ఉద్యోగ అర్హతను ప్రభావితం చేస్తూ వచ్చింది. అందువల్ల మార్గదర్శక వ్యవస్థల బలాబలాలను అంచనా వేయడానికి జహీరాబాద్ తగిన క్షేత్రం.

2. పట్టా, భాష, కొలువు

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా మాధ్యమంగా స్వీకరించింది. సంస్థాన పరిపాలనా భాష కూడా ఉర్దూయే కావడంతో పట్టాకు, ప్రభుత్వ కొలువుకు నడుమ దారి సూటిగా ఉండేది. అయితే ఇంట తెలుగో కన్నడమో మాట్లాడే విద్యార్థికి ఆ దారిలో తొలి అవరోధం భాషే అయింది. 1919 నాటి ఫర్మానా ముల్కీలకు, అంటే స్థానికులకు, సంస్థాన ఉద్యోగాలలో రక్షణ కల్పించింది. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్య అనంతరం విశ్వవిద్యాలయ బోధన ఆంగ్లంలోకి మారింది. ఉర్దూలో చదివిన తరానికి తన పట్టా విలువే ప్రశ్నార్థకమైంది. బయటి ప్రాంతాలవారి నియామకాలకు వ్యతిరేకంగా 1952లో సాగిన ముల్కీ ఉద్యమంలో విద్యార్థులే ముందు నిలిచారు. చదువు ముగిశాక ఏమిటన్న ప్రశ్న ఈ ప్రాంతంలో తొలుత ఉద్యమ రూపంలో వ్యక్తమైంది. దానికి విద్యాసంస్థ ఇవ్వవలసిన సమాధానం మాత్రం ఆలస్యమైంది.

3. నమోదు వ్యవస్థ

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక సైన్యం నుంచి విడుదలైనవారి కోసం 1945లో భారత ప్రభుత్వం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలను ప్రారంభించింది. 1948లో వాటిని అందరికీ తెరిచింది. 1952లో నియమితమైన శివరావు కమిటీ సిఫార్సుల మేరకు వాటి దైనందిన నిర్వహణ 1956 నవంబరు 1న రాష్ట్రాలకు బదిలీ అయింది. జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో చేరినది కూడా ఆ రోజే.

1959 నాటి చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయడాన్ని ప్రభుత్వ రంగ సంస్థలకు, 25 మంది లేదా అంతకు మించి సిబ్బంది గల ప్రైవేటు సంస్థలకు తప్పనిసరి చేసింది. ఎక్స్ఛేంజీ పంపినవారినే నియమించాలన్న నిర్బంధం మాత్రం ఆ చట్టంలో లేదు. ప్రైవేటు వ్యవసాయరంగ ఉద్యోగాలలో యంత్రాలు నడిపేవారివి తప్ప మిగిలినవి దాని పరిధికి వెలుపలే ఉన్నాయి. చెరకు, పప్పుధాన్యాలు, అల్లం పండించే జహీరాబాద్ ప్రాంతంలో స్థానిక ఉపాధిలో పెద్దభాగం ఆ విధంగా లెక్కలోకి రాలేదు. డిగ్రీ పూర్తిచేసిన యువకుడు జిల్లా కేంద్రమైన సంగారెడ్డికి వెళ్లి పేరు నమోదు చేయించుకుని, కార్డును రెన్యువల్ చేయించుకుంటూ పిలుపు కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ పద్ధతిని మార్చింది. ఎక్స్ఛేంజీ జాబితాతో సరిపెట్టక, పత్రికలు తదితర మాధ్యమాల ద్వారా కూడా ఖాళీలను ప్రకటించాలని అది నిర్దేశించింది. అవకాశం విస్తృతమైంది. అదే సమయంలో ప్రకటనను వెదికి, చదివి, అర్హతను పోల్చి చూసుకునే భారం విద్యార్థిపై పడింది. కుటుంబంలో తొలిసారి డిగ్రీ చదివినవారికి ఆ భారాన్ని పంచుకునే పెద్దలు ఇంటిలో ఉండరు.

4. విశ్వవిద్యాలయ కేంద్రాలు

విద్యార్థి సేవలు సంక్షేమ కార్యక్రమం మాత్రమే కావని, విద్యలో అంతర్భాగమని 1964–66 నాటి కొఠారీ కమిషన్ స్పష్టం చేసింది. ఉపాధి సమాచార, మార్గదర్శక బ్యూరోలు విశ్వవిద్యాలయాలలో ఏర్పడ్డాయి. ఉస్మానియా ప్రాంగణంలోనూ అటువంటిది పనిచేసింది. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థుల కోసం కేంద్ర కార్మికశాఖ శిక్షణ, మార్గదర్శక కేంద్రాలను నెలకొల్పింది. నేపథ్యాన్ని గుర్తించిన ప్రయత్నాలలో ఇవి ముఖ్యమైనవి. అయితే జహీరాబాద్ డిగ్రీ కళాశాల ఉస్మానియాకు అనుబంధమైనదే అయినా, విశ్వవిద్యాలయ ప్రాంగణం సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. అనుబంధం ద్వారా పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా కళాశాలకు చేరాయి, సలహాదారు చేరలేదు. ప్రయాణానికి ఇంటి అనుమతి, ఖర్చు రెండూ అవసరమైన విద్యార్థినులకు ఈ దూరం మరింత భారమైంది.

5. స్థానికత: సరిహద్దు సమస్య

సలహా అవసరం ఎంత ముందుగా మొదలవుతుందో స్థానికత నిబంధనలు తెలుపుతాయి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు అప్పటి మెదక్ జిల్లాను ఆరవ జోన్‌లో చేర్చాయి. అర్హత పరీక్షకు హాజరైన సంవత్సరంతో ముగిసే వరుస 4 విద్యా సంవత్సరాల చదువును స్థానికతకు ప్రధాన ప్రాతిపదిక చేశాయి. సంగారెడ్డి జిల్లాను చార్మినార్ జోన్‌లో చేర్చిన 2018 ఉత్తర్వులు కూడా బడి చదువునే ఆధారం చేసుకున్నాయి. దగ్గరగా ఉందనో, బంధువులున్నారనో, కోరుకున్న మాధ్యమం దొరుకుతుందనో బిడ్డను బీదరు బడిలో చేర్పించిన తల్లిదండ్రులు తెలియకుండానే భవిష్యత్తు ఉద్యోగంపై నిర్ణయం తీసుకున్నట్లయింది. డిగ్రీ చివరి సంవత్సరంలో లభించే మార్గదర్శనం ఈ నిర్ణయాన్ని సరిదిద్దలేదు.

6. శిక్షణ దశ

2000ల దశకంలో జవహర్ నాలెడ్జ్ సెంటర్ల రూపంలో మార్గదర్శకత్వం కళాశాలల లోపలికి ప్రవేశించింది. తెలంగాణ ఏర్పడిన తరువాత ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అవి తెలంగాణ నైపుణ్య, విజ్ఞాన కేంద్రాలుగా కొనసాగాయి. 2014లో తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్, 2015లో జాతీయ కెరీర్ సర్వీస్ ఆరంభమయ్యాయి. దూరం తగ్గడం ఈ దశ సాధించిన నిజమైన ప్రగతి. కానీ సంభాషణా నైపుణ్యం, కంప్యూటర్ పరిజ్ఞానం, ఇంటర్వ్యూ సాధన వంటి అంశాలు అందరికీ ఒకే తీరున బోధించదగినవి. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థిని, తెలుగు మాధ్యమంలో చదివిన రైతుబిడ్డ ఎదుర్కొనే ప్రశ్నలు వేరువేరు. వాటికి విడివిడిగా మాట్లాడే వ్యక్తి కావాలి.

7. ముగింపు

జహీరాబాద్‌కు పరిశ్రమ కొత్త కాదు. 1980ల దశకంలో ఆల్విన్ నిస్సాన్ వాహనాల కర్మాగారం ఇక్కడికి వచ్చింది. అనంతరం అది మహీంద్రా సంస్థ చేతికి వెళ్లింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాద్ ఒకటి. వాటన్నిటిలో కలిపి 10 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు లభిస్తాయని ప్రభుత్వం అంచనా వేసింది. ఆ ఉద్యోగాలలో భూమి ఇచ్చిన గ్రామాల పిల్లలకు దక్కే స్థాయి ఏదన్నది ఇప్పుడు తేలవలసిన విషయం. గత ఏడు దశాబ్దాల అనుభవం ప్రకారం జాబితాలో పేరుండటం, శిక్షణపత్రం చేతికి రావడం అందుకు చాలవు. బడి మారే వయసులో, డిగ్రీ కోర్సు ఎంచుకునే సమయంలో, విద్యార్థి ఇంటి భాషలో, అతని సొంత ఊరి కళాశాలలోనే సలహా అందాలి. అది లోపిస్తే కొత్త నగరపు కార్యాలయాలలోకి బయటివారు, కాపలా కొలువుల్లోకి స్థానికులు చేరే స్థితి ఏర్పడుతుంది. 1952లో విద్యార్థులు లేవనెత్తిన ప్రశ్న అప్పుడు మరల ఇక్కడే వినిపిస్తుంది.