షాహ్ నుంచి చెక్కు దాకా

పోయిన నెల మా ఖాలా కొడుకు ఖాందాన్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టాడు. బ్యాంకు చెక్కు అనే మాట అరబీలోని ‘సక్క్’ నుంచి పుట్టిందట, చెక్కు కనిపెట్టింది ముసల్మాన్లేనట, పదిమందికి పంపాలట. దాని కింద వరసగా మాషా అల్లాహ్‌లు. మా అమ్మాయి అది చదివి బళ్ళో ఉపన్యాసానికి బాగుంటుందని నోట్‌బుక్కులో ఎక్కించుకుంది. ఎందుకైనా మంచిదని నా దగ్గరికొచ్చి, “అబ్బా, సచ్చీ హై క్యా యే?” అని అడిగింది.

హా అనేస్తే పనైపోయేది. కానీ రేపు క్లాసులో ఎవరైనా డిక్షనరీ తెరిచి అలా లేదని చూపిస్తే బేఇజ్జతీ అయ్యేది పిల్లకి, ఫార్వర్డ్ రాసినవాడికి కాదు. అందుకే తహకీక్ చేద్దామని కూర్చున్నాను. రెండు రాత్రులు పట్టింది. ఆ చిన్న ఇంగ్లీషు ముక్క ‘చెక్’ వెనక ఇంత కిస్సా ఉందని నాకూ తెలియదు.

ముందు ఒక మాట. తెలుగులో ‘చెక్కడం’ అనే క్రియ ఉంది, చేగోడీల పక్కన అమ్మే చెక్కలున్నాయి, ‘చెక్కుచెదరని’ అనే జాతీయం ఉంది. వీటికీ బ్యాంకు చెక్కుకూ ఏ రిష్తా లేదు.

అసలు కథ షత్రంజ్ బల్ల మీద మొదలవుతుంది. ఈ ఆట మన హిందూస్తాన్‌లో చతురంగంగా పుట్టి, ఈరాన్ వెళ్ళి చత్రంగ్ అయింది. అరబ్బులు ఈరాన్‌ను గెలిచాక వాళ్ళ నోట షత్రంజ్ అయింది. ఈరానీలు ఆడేటప్పుడు ఒక అదబ్ ఉండేది. ఎదుటివాడి రాజు మీదికి దాడి వెళ్తే చెప్పకుండా ఊరుకోకూడదు, “షాహ్!” అని హెచ్చరించాలి. నీ పాదుషా ఖతరాలో ఉన్నాడు, చూసుకో అని. తప్పించుకునే దారి లేకపోతే “షాహ్ మాత్”. ఈ ‘మాత్’ అరబీలో ‘చనిపోయాడు’ అనే మాట అని కొందరూ, ఫార్సీలో ‘దిక్కుతోచక నిలిచిపోయాడు’ అనే మాట అని కొందరూ అంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. షత్రంజ్‌లో రాజును ఎవరూ చంపరు కదా, కదలనివ్వరు, అంతే.

షాహ్ అనే మాట కూడా చిన్నదేం కాదు. ప్రాచీన ఈరాన్ శిలాశాసనాల్లో అది ‘క్షాయథియ’. మన సంస్కృతంలోని ‘క్షత్రియ’కు దగ్గరి చుట్టం. రెండింటి మూలంలోనూ ఉన్నది ఏలడం అనే అర్థమే.

అరబ్బులతో షత్రంజ్ స్పెయిన్‌కూ, ఇటలీ వైపుకూ వెళ్ళింది. ఫిరంగీల నాలుకకు షాహ్ తిరగలేదు. లాటిన్‌లో ‘స్కాకస్’ అన్నారు, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’ అన్నారు. ఫ్రెంచి మాట్లాడే నార్మన్ దొరల వెంట అది ఇంగ్లండు చేరింది. ఏకవచనం ‘చెక్’ అయింది, బహువచనం ‘చెస్’ అయింది. అంటే చెస్ అనే పేరుకు అర్థం ‘షాహ్‌లు’ అన్నమాట! జర్మన్లు ఇప్పటికీ ఆటనూ, రాజుకిచ్చే హెచ్చరికనూ ఒకే మాటతో ‘షాఖ్’ అంటారు. రష్యన్లకైతే ఆట పేరే ‘షాఖ్మతీ’, అచ్చంగా మన షాహ్ మాత్.

ఇక్కణ్ణుంచి ఇంగ్లీషులో ఆ మాట ఎన్ని వేషాలు వేసిందో చూడండి. రాజుకు చెక్ అంటే ఆట అక్కడ ఆగి, ముందు దాని సంగతి చూడాలి. కాబట్టి చెక్ అంటే ఆపడం. ఆపడం నుంచి అదుపు. అదుపు నుంచి సరిచూడడం. చెక్‌పోస్టు, టికెట్ చెకింగ్, డాక్టర్ దగ్గర చెకప్, అన్నీ ఆ సంతానమే. మన తెలుగు పత్రికలైతే ఫలానా నాయకుడికి ఫలానా నాయకుడు చెక్ పెట్టాడని హెడ్డింగు పెట్టకుండా వారం గడపవు. అది మాత్రం నేరుగా బల్ల మీది మాటే. ఇక గళ్ళ లుంగీ, గళ్ళ చొక్కా? వాటిని చెక్స్ అనేదీ షత్రంజ్ బల్ల మీది గళ్ళ వల్లనే. జుమాకు వెళ్ళేటప్పుడు చెక్స్ షర్టు తొడుక్కున్నవాడు షాహ్ పేరు వీపున మోస్తున్నట్టే.

నాకు అన్నిటికంటే మజా అనిపించింది ఖజానా సంగతి. పన్నెండో శతాబ్దంలో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ కాలం నాటికి సర్కారు హిసాబ్ చూసే పద్ధతి ఒకటి ఏర్పడింది. పెద్ద బల్ల, దాని మీద గీతలతో గళ్ళు గళ్ళుగా చేసిన గుడ్డ. ఆ గళ్ళలో బిళ్ళలు పెట్టి, జరుపుతూ, జిల్లాల అధికారులు తెచ్చిన వసూళ్ళను లెక్కగట్టేవారు. అక్కడ కోశాధికారిగా ఉన్న రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల్లో ఈ దఫ్తరు మీద ఒక కితాబే రాశాడు. బల్ల సుమారు పదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు అని అందులో ఉంది. చూస్తే అచ్చం షత్రంజ్ బల్లే. అందుకే ఆ దఫ్తరుకు ‘ఎక్స్‌చెకర్’ అని పేరు పడింది. ఇప్పటికీ అక్కడి ఆర్థిక మంత్రి హోదా ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’. 2022లో కొన్ని వారాలపాటు ఆ కుర్సీలో కూర్చున్న నదీమ్ జహావీ బగ్దాదులో పుట్టినవాడు. షాహ్ పేరు దాచుకున్న పదవి తనదని ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో!

ఇక బ్యాంకు చెక్కు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషు వాళ్ళు డబ్బు కాగితాలకు ఒక అర ముక్క తమ దగ్గర ఉంచుకునేవారు. దొంగ కాగితం వస్తే ఆ ముక్కతో సరిచూసేవారు. సరిచూసేది కాబట్టి ఆ ముక్క పేరు చెక్. మెల్లగా ఆ పేరు మొత్తం కాగితానికే పాకింది. బ్రిటిష్ వాళ్ళు తర్వాత ఎక్స్‌చెకర్ వాసనతో స్పెల్లింగు మార్చారు, అమెరికన్లు పాతదే ఉంచుకున్నారు. పెద్ద డిక్షనరీలు చెప్పేది ఇదే.

మరి సక్క్? అది కల్పన కాదు, ఒప్పుకోవాలి. అబ్బాసీల కాలంలో సక్క్ అనే దస్తావేజు నిజంగా నడిచింది. పదో శతాబ్దపు ముసాఫిర్ ఇబ్న్ హౌకల్ సహారా ఎడారి దక్షిణపు అంచున ఉన్న ఔదగుస్త్ ఊళ్ళో ఒక సక్క్ చూశానని రాశాడు. అక్కడి తాజిర్ ఒకడు సిజిల్మాసా వాడికి బాకీపడిన 42,000 దీనార్ల కాగితం అది. అంత పెద్ద రకమ్ కాగితం తాను ఎక్కడా చూడలేదని ఆయనే ఆశ్చర్యపోయాడు. ఇప్పటి ఇస్లామీ బ్యాంకింగులో వినిపించే ‘సుకూక్’ ఈ సక్క్‌కు బహువచనమే. కాబట్టి రాతకాగితం మీద సొమ్ము నడిపించిన హునర్ మన పెద్దలకుందనడంలో షక్ లేదు. కానీ ఇంగ్లీషు మాట దాన్నుంచి పుట్టిందనడానికి గవాహీ కావాలి. సక్క్‌కూ, పద్దెనిమిదో శతాబ్దపు లండన్ చెక్కుకూ మధ్య మెట్లు ఎక్కడా కనబడవు, షాహ్ దారిలో మాత్రం ప్రతి మెట్టూ కనబడుతుంది. పైగా సక్క్ అరబీలోకి ఫార్సీ ‘చక్’ నుంచి వచ్చిందని పాత అరబీ నిఘంటువులే చెబుతాయి. ఎటుచూసినా పెత్తనం ఈరానీలదే.

ఉర్దూలో షాహ్ ఇంకో మలుపు తిరిగింది. “ఉస్‌కీ షహ్ పే కూద్‌రహా హై” అంటాం కదా, వాడి అండ చూసుకుని ఎగురుతున్నాడని. ఆ షహ్ కూడా షత్రంజ్‌లోదే. చూడండి తమాషా, ఒకే మాట లండన్‌లో ఆపడం అయింది, మన ఇళ్ళలో ఉసిగొల్పడం అయింది. ప్రేమ్‌చంద్ ‘షత్రంజ్ కీ బాజీ’ కథలో ఇద్దరు నవాబులు బల్ల మీది షాహ్‌ను కాపాడుకుంటూ ఉంటే, 1856లో అసలు షాహ్ వాజిద్ అలీని కంపెనీ వాళ్ళు ఎత్తుకుపోతారు. బల్ల మీదైతే “షాహ్!” అని హెచ్చరించాలి. కంపెనీకి ఆ అదబ్ కూడా లేకపోయింది.

ఇదంతా చెప్పాక మా అమ్మాయి మొహం కాస్త చిన్నబుచ్చుకుంది. “మనం కనిపెట్టామని చెప్పొద్దా అయితే?” అంది. సక్క్ గురించి చెప్పు, 42,000 దీనార్ల గురించి చెప్పు, ఇంగ్లీషు మాట మాత్రం షాహ్‌ది అని చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించి, ఫార్వర్డ్‌లోని మొదటి లైను కొట్టేసి, ‘చెస్ అంటే చాలామంది రాజులు’ అని మొదలుపెట్టింది. నాకంటే ఆమెకే బాగా తెలుసు క్లాసులో ఏది వింటారో.

గ్రూపులో కూడా నాలుగు ముక్కలు రాశాను. మా ఖాలా కొడుకు బొటనవేలు బొమ్మ పెట్టాడు. గంటకి ఇంకో ఫార్వర్డ్ వచ్చింది, కాఫీ అనే మాట అరబీ ‘ఖహ్వా’ నుంచి పుట్టిందని. చూశాను. అది నిజమే.