నీళ్ల ప్లాంటులో తాళం ఎవరిది?

కరెంటు స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు. లైన్ క్లియర్ అన్న ఈ మాట రైల్వేలోనూ ఉంది. ముందున్న స్టేషన్ లైన్ ఖాళీగా ఉందని చెబితేనే రైలు కదలాలి. కరెంటు వాళ్ల ఎల్‌సీకి అర్థం, పనికి వెళ్లినవాడు తిరిగొచ్చి చెప్పేదాకా ఆ ఫీడరుకు సరఫరా ఇవ్వకూడదని. ఎల్‌సీ ఇచ్చాక కూడా సరఫరా వచ్చి ప్రాణం పోయిందన్న వార్త తెలుగు పత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. నీటి శుద్ధి కేంద్రంలో ఈ ప్రమాదం ఇంకా చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఆపాల్సింది ఒక్క కరెంటునే కాదు. మోటారు ఆపేసినా, ఎత్తు మీది రిజర్వాయరుకు వెళ్లే పైపులో నిలిచిన నీరు, నాన్ రిటర్న్ వాల్వు సరిగా పట్టకపోతే, వెనక్కి దిగి పంపును ఎదురు తిప్పగలదు. ఇసుక చూడటానికి మనిషి ఫిల్టర్ బెడ్‌లోకి దిగి ఉన్నప్పుడు కంట్రోల్ గదిలో ఇంకెవరో బ్యాక్‌వాష్ (ఎదురు నీటితో బెడ్ కడగడం) మొదలుపెట్టవచ్చు. దాదాపు 900 కిలోల క్లోరిన్ పట్టే టోనర్ సిలిండరు ఏ స్విచ్చుతోనూ పనిలేకుండా తన ఒత్తిడి తనలోనే పెట్టుకుని ఉంటుంది. వీటన్నిటినీ మూసి, తాళం వేసి, మిగిలిన ఒత్తిడి వదిలించి, నిజంగా ఆగిందో లేదో చూశాకే చేయి పెట్టాలి. ఆ తాళం వేసేది కార్మికుడే. వేసే వీలు కల్పించాల్సింది ఎవరు? చట్టం ఈ ప్రశ్న దగ్గరికి రావడానికి వందేళ్లు పట్టింది. వచ్చాక కూడా నీళ్ల శాఖల గడప దగ్గర ఆగిపోయింది.

1881 నాటి తొలి ఇండియా ఫ్యాక్టరీ చట్టానికి యంత్రం అంటే కంచె కట్టాల్సిన వస్తువు. 1948 చట్టం చాలా ముందుకు వెళ్లింది. తయారీ ప్రక్రియకు ఇచ్చిన నిర్వచనంలో నీటిని, మురుగును పంపు చేయడాన్ని కూడా చేర్చింది కనుక పంప్‌హౌస్ కూడా ఫ్యాక్టరీల లెక్కలోకి వచ్చింది. అయితే దాని 22వ సెక్షన్ చదివితే అప్పటి ఆలోచన తెలుస్తుంది. తిరుగుతున్న యంత్రాన్ని పరీక్షించక తప్పనప్పుడు ఆ పని శిక్షణ పొందిన వయోజన పురుషుడు, ఒంటికి బిగుతుగా ఉండే బట్టలు వేసుకుని చేయాలి. రక్షణ అంతా ఆ మనిషి ఒంటి మీద, అతని నేర్పులో ఉందన్నమాట. 1976 సవరణతో 24వ సెక్షన్‌లోకి తాళం వచ్చింది: ఆపేసిన స్విచ్చు పొరపాటున మళ్లీ ఆన్‌లోకి జారే వీలుంటే, దాన్ని కదలకుండా తాళం వేసే ఏర్పాటు ఉండాలి. అమెరికాలో లాకౌట్-ట్యాగౌట్ నిబంధన 1989లో గానీ రాలేదు కాబట్టి మనమే పదమూడేళ్లు ముందున్నామని వాదించవచ్చు. ఆ వాదన నాకు నచ్చదు. మన సెక్షన్ అడిగింది తాళం పట్టే ఏర్పాటు మాత్రమే. వాళ్ల నిబంధన ఒక పద్ధతిని అడిగింది: ఏ యంత్రాన్ని ఎలా ఆపాలో కాగితం మీద ఉండాలి, పనిలో ఉన్న ప్రతి మనిషికీ సొంత తాళం ఉండాలి, మామూలుగా వేసినవాడే దాన్ని తీయాలి, ఏడాదికోసారైనా ఇదంతా అమలవుతోందని యజమాని తనిఖీ చేయించి ధ్రువీకరించాలి. తాళం కార్మికుడిది, పద్ధతి యజమానిది.

మన చట్టంలోకి యజమాని గట్టిగా వచ్చింది భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాతే. 1984 డిసెంబరు 2 రాత్రి అక్కడి ఫ్యాక్టరీలో 610 నంబరు రసాయనాల ట్యాంకులోకి నీరు చేరింది. పైపులు కడిగేటప్పుడు అడ్డుగా వేయాల్సిన ఇనుప పలక వేయలేదని కార్మికులు చెప్పారు, కంపెనీ విద్రోహమంది. ఏది నిజమైనా, ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని అంతకు నెలల ముందే ఆపేశారు. అది రాత్రి షిఫ్టు ఆపరేటరు తీసుకోగల నిర్ణయం కాదు. 1987 సవరణ, కంపెనీ ఫ్యాక్టరీకి డైరెక్టర్లలో ఒకరే ఆక్యుపైయర్, అంటే చట్టం ముందు జవాబుదారు, అంది. మేనేజరు పేరు రాసి తప్పుకోవచ్చునన్న కంపెనీల వాదనను 1996లో జె.కె. ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఆక్యుపైయర్‌కు ఇచ్చిన అదే నిర్వచనంలో తర్వాతి క్లాజు చదివితే మనసు చివుక్కుమంటుంది. ప్రభుత్వానిదో, స్థానిక సంస్థదో అయిన ఫ్యాక్టరీకి, దాని వ్యవహారాలు చూడటానికి నియమించిన వ్యక్తే ఆక్యుపైయర్. మన శుద్ధి కేంద్రాల్లో ఎక్కువ భాగం మున్సిపాలిటీలవి, జలమండళ్లవి, ప్రభుత్వ శాఖలవి. కాబట్టి బాధ్యత ప్లాంటు చూసే ఇంజనీరు మెడకు చుట్టుకుని అక్కడే ఆగవచ్చు. అమెరికాలోనూ 1970 నాటి కార్మిక భద్రత చట్టం రాష్ట్రాలను, వాటి స్థానిక సంస్థలను యజమాని అన్న నిర్వచనం నుంచి తప్పించింది. సొంత భద్రత ప్రణాళిక పెట్టుకున్న రాష్ట్రాల్లో తప్ప, నగరపాలక నీటి కేంద్రాల కార్మికులకు ఆ తాళం నిబంధన నేరుగా వర్తించదు. ఇంజనీరు చేతిలో నిజానికి ఏముంది? హైదరాబాద్‌లో పెద్ద పైపు మరమ్మతు ఉంటే ఏయే ప్రాంతాలకు నీళ్లు రావో ముందుగా ప్రకటిస్తారు. అంత విరామానికి ఒప్పుకోవడం, స్టాండ్‌బై పంపుకు డబ్బివ్వడం, సరిగా మూసుకోని వాల్వు మార్చడానికి టెండరు పిలవడం పై అంతస్తుల పనులు. స్టాండ్‌బై లేని చోట నిజాయితీగా ఎల్‌సీ అడగడమంటే ఊరి కుళాయిలు కట్టేయమని అడగడమే.

బాధ్యత పైవాళ్లదంటే, జలమండలి మేనేజింగ్ డైరెక్టరుకు ఏ వాల్వు ఎక్కడుందో ఎలా తెలుస్తుందని అడుగుతారు. అది తెలియాలని ఎవరూ అనడం లేదు. ఎన్ని షట్‌డౌన్లు అడిగితే ఎన్ని కాదన్నారో, ఎందుకన్నారో ఆయనకు తెలియాలి. తన వంతు జాగ్రత్తంతా తీసుకున్నానని రుజువు చేసుకుని, అసలు తప్పు చేసినవారిని చూపగలిగిన ఆక్యుపైయర్‌కు 1948 చట్టం 101వ సెక్షన్ దారి ఇచ్చింది కూడా. తాళాలిచ్చినా కార్మికులు వేయరు, ఫోన్లోనే ఎల్‌సీ తీసుకుంటారు అన్నది రెండో మాట. కొన్నిచోట్ల అది నిజమే. కానీ ఫోన్లో అడిగితే ఇచ్చే అలవాటు ఒక్క కార్మికుడి వల్ల ఏర్పడదు, తొందరపెట్టేవాళ్లుంటేనే ఏర్పడుతుంది. అన్నిటికంటే బరువైన అభ్యంతరం మూడోది: నీళ్లు ఆగితే ఆసుపత్రులు, బస్తీలు అల్లాడతాయి, ఆపడం కుదరదు. నిజమే. అందుకే ఊరి దాహాన్నీ బెడ్‌లోకి దిగిన మనిషి ప్రాణాన్నీ తూచే పని షిఫ్టు ఆపరేటరుకు వదలకూడదు. 1948 చట్టం స్థానంలో తెచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ కూడా ప్రభుత్వ ఫ్యాక్టరీల క్లాజును అలాగే మోసుకొచ్చింది. అయినా ‘వ్యవహారాలు చూడటానికి నియమించిన వ్యక్తి’ ప్లాంటు ఇంజనీరే కావాలని అందులో ఎక్కడా లేదు. షట్‌డౌన్‌నూ బడ్జెట్‌నూ మంజూరు చేయగల అధికారి పేరు నియామక ఉత్తర్వులో రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.